లాక్టేట్ అంకె చూసి "ఇక కష్టం" అని చెప్పేయవచ్చా?

మేనల్లుడు: మా మామయ్యకు మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. వెంటిలేటర్ మీద ఉన్నారు, బీపీ మందులతోనే నిలబడుతోంది. లాక్టేట్ (ఒంట్లో పరిస్థితి విషమిస్తే రక్తంలో పెరిగే పదార్థం) 6 వచ్చిందని, ప్రొకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో రక్తంలో పెరిగేది) కూడా బాగా ఎక్కువుందని, "ఆశలు పెట్టుకోకండి" అన్నారు. ఇంటికి తీసుకెళ్లిపోదామని కొందరు బంధువులు అంటున్నారు. రక్త పరీక్ష చూసి మనిషి బతకడని చెప్పడం తప్పని నా వాదన. మీరేమంటారు?

ఐసీయూ డాక్టర్: అసలు చెప్పకూడదంటే ఒప్పుకోనండి. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం. 2016 నాటి సెప్సిస్-3 నిర్వచనం ప్రకారం, సరిపడా ఫ్లూయిడ్స్ ఎక్కించాక కూడా బీపీ పెంచే మందులు అవసరమై, లాక్టేట్ 2 దాటితే సెప్టిక్ షాక్. వీళ్లలో నూటికి 40 మందికి పైగా ఆస్పత్రిలోనే చనిపోతారు. ఈ మాట దాచిపెట్టి, పొలం అమ్ముకున్నాక చెబితే ఇంటివాళ్లకు అన్యాయం చేసినట్టే.

మేనల్లుడు: మరి మిగతావాళ్లు బతుకుతున్నారుగా! మామయ్య ఎటువైపో ఆ అంకె చెప్పదు కదండీ.

రాత్రి డ్యూటీ సిస్టర్: తమ్ముడూ, ఆ అంకె ఎలా వస్తుందో చూడు. మణికట్టు దగ్గర ఆర్టరీ నుంచి రక్తం తీస్తాం. వెంటనే మెషీన్‌లో పెట్టకుండా సిరంజి ట్రేలోనే ఉండిపోతే, అందులోని ఎర్రకణాలు గ్లూకోజ్ వాడుకుంటూ లాక్టేట్ తయారు చేస్తూనే ఉంటాయి. బీపీ పెంచే అడ్రినలిన్ నడుస్తున్నా, లివర్ దెబ్బతిన్నా, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు కిడ్నీలు పాడైనా పెరుగుతుంది. ఒక్క రిపోర్టు పట్టుకోవద్దు. తగ్గుతోందా లేదా అని అడుగు.

అనస్థీషియా పీజీ: సిస్టర్ చెప్పింది నిజం. లాటిన్ అమెరికాలో సెప్టిక్ షాక్ పేషెంట్ల మీద ఆండ్రొమెడా-షాక్ అని ట్రయల్ జరిగింది, 2019లో ఫలితాలు వచ్చాయి. వేలి కొనను గాజు పలకతో 10 సెకన్లు నొక్కి వదిలితే 3 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. అది చూసి వైద్యం చేసినవాళ్లలో 28 రోజుల్లో 34.9 శాతం, లాక్టేట్ చూసి చేసినవాళ్లలో 43.4 శాతం చనిపోయారు. ఆ తేడా గణాంకాల్లో గట్టిగా నిలవలేదు, నిజమే. కానీ ఖరీదైన పరీక్షే అన్నిటికన్నా గొప్పదన్న నమ్మకం మాత్రం సడలింది. ఇక ప్రొకాల్సిటోనిన్ బాగా పనికొచ్చేది యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడానికి. జాతకం చెప్పడానికి కాదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. అంకె ఎక్కువుందని వైద్యం తగ్గిస్తాం. పేషెంట్ చనిపోతారు. అది కూడా "లాక్టేట్ ఎక్కువుంటే బతకరు" అన్న లెక్కలోకే చేరుతుంది. ఆ లెక్క చూపించి ఇంకొకరికి ఆపేస్తాం. సుప్రీంకోర్టు 2018 తీర్పు, 2023 సవరణల ప్రకారం ప్రాణాధార చికిత్స ఆపాలంటే రెండు మెడికల్ బోర్డులు చూడాలి. ఐసీయూ గుమ్మం దగ్గర నిలబడి తేల్చేసే విషయం కాదిది.

ఐసీయూ డాక్టర్: ఆపమని నేననలేదండీ, చెప్పాలన్నాను. ప్రమాదం ఎంతుందో వినే హక్కు ఇంటివాళ్లకు ఉంది. సరే, మామయ్యగారు మెట్‌ఫార్మిన్ వాడేవారా? ఇవాళ లాక్టేట్ ఎంత?

మేనల్లుడు: వాడేవారండీ. నిన్న రాత్రి 6, పొద్దున 3.8.

ఐసీయూ డాక్టర్: తగ్గడం మంచిదే. అలాగని బతుకుతారని ఈ అంకె చూసి నేను మాటివ్వను. సాయంత్రం డాక్టర్‌గారిని కలిసినప్పుడు మూడు అడగండి: బీపీ నిలబెట్టే నోరడ్రినలిన్ డోసు తగ్గిందా, గంటకు మూత్రం ఎంత వస్తోంది, కిడ్నీలో అడ్డేమైనా ఉందేమోనని స్కాన్ చేశారా. అడ్డుంటే అది తీసేదాకా ఏ మందూ సరిగా పనిచేయదు.