చర్చ: మరోజాన్‌ను జర్మనీ సరిగ్గా వాడుకుందా, లేక ఆమే దేశం తరఫున తేలిపోయిందా?

హాఫ్‌స్పేస్
జర్మనీ మహిళల ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ జెనిఫర్ మరోజాన్ గురించి మాట వస్తే రెండు వర్గాలు తయారవుతాయి. ఒక వర్గం ఫ్రాన్స్ క్లబ్ లియోన్ కప్పులు చూపిస్తుంది: 2017 నుంచి 2020 వరకు వరసగా నాలుగు ఛాంపియన్స్ లీగ్‌లు (యూరప్ క్లబ్‌ల టోర్నీ), దానికి ముందు 2015లో ఫ్రాంక్‌ఫర్ట్‌తో ఒకటి. రెండో వర్గం జర్మనీ జెర్సీలో ఏం చేసిందని అడుగుతుంది. 2013 యూరో (యూరప్ దేశాల కప్పు), 2016 రియో ఒలింపిక్ స్వర్ణం ఉన్నాయి, నిజమే. కానీ 2015 ప్రపంచ కప్పులో జర్మనీది నాలుగో స్థానం. 2017 యూరోలో ఆమె కెప్టెన్, క్వార్టర్స్‌లోనే డెన్మార్క్ చేతిలో ఓటమి. 2019 ప్రపంచ కప్పులోనూ క్వార్టర్సే. 112 మ్యాచ్‌లు, 33 గోల్స్‌తో 2023లో దేశానికి ఆడటం ముగించింది.

నా వాదన ఇది: లోపం కాళ్లలో లేదు, ఆమె చుట్టూ పెట్టిన ఆటలో ఉంది. కాదనేవాళ్లు మ్యాచ్ పేరు చెప్పి కాదనండి.

సెకండ్‌బాల్
కాదంటాను, 2022 యూరో చెప్పి. ఆ టోర్నీకి మరోజాన్ లేదు. మిడ్‌ఫీల్డ్‌లో ఓబర్‌డోర్ఫ్ వెనక, మగుల్, డేబ్రిట్జ్ ముందు. ముగ్గురూ బంతి పోయిన మరుక్షణం మీద పడేవాళ్లే. అచ్చమైన నంబర్ 10 (ఫార్వర్డ్‌ల వెనక నిలబడి దాడి నడిపే ఆటగత్తె) అంటూ ఎవరూ లేరు. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లి వెంబ్లీలో అదనపు సమయంలో 2-1తో ఇంగ్లండ్‌కు ఓడింది. 2013 తర్వాత యూరోలోగానీ ప్రపంచ కప్పులోగానీ జర్మనీ ఫైనల్ ఆడింది ఆ ఒక్కసారే. తక్కువ పరుగెత్తి ఎక్కువ ఆలోచించే పదో నంబరును మోయాలంటే మిగతా తొమ్మిదిమందీ ఆమె వాటా పరుగు కూడా పెట్టాలి. లియోన్‌కు ఆ స్తోమత ఉంది. జర్మనీకి లేకపోయింది.

లియోన్‌లైన్
"తక్కువ పరుగెత్తి" అన్న మాట దగ్గరే తేడా వస్తోంది సెకండ్‌బాల్ గారూ. రియో ఫైనల్ మళ్లీ చూడండి. 2016 ఆగస్టు 19, మరకానా, ప్రత్యర్థి స్వీడన్. మొదటి సగం గోల్ లేదు. అప్పటికే అమెరికాను, బ్రెజిల్‌ను పెనాల్టీల్లో ఇంటికి పంపి వచ్చిన జట్టు అది. వాళ్ల పద్ధతి ఒకటే: వెనక్కి దిగి పెనాల్టీ పెట్టె ముందు గోడ కట్టడం. అలాంటి గోడ ముందు ఎంత పరుగెత్తినా లాభం ఉండదు, ఎందుకంటే పరుగెత్తడానికి వెనకాల ఖాళీయే లేదు. 48వ నిమిషంలో స్వీడన్ డిఫెన్స్ పూర్తిగా తప్పించలేకపోయిన బంతి పెట్టె అంచున మరోజాన్‌కు దొరికింది. ఒత్తిడి వచ్చి మీద పడేలోపే కుడికాలితో వంపు తిప్పి మూలకు వేసింది. 62వ నిమిషంలో ఆమె ఫ్రీ కిక్ స్తంభానికి తగిలి, తిరిగొచ్చిన బంతి స్వీడన్ డిఫెండర్ సెంబ్రాంట్‌ను తాకి లోపలికి పోయింది. అది సెల్ఫ్ గోల్‌గా రాశారు. స్కోరు పుస్తకంలో మరోజాన్ పేరు ఒక్కసారే ఉంది, 2-1 గెలుపులో రెండు గోల్స్ పుట్టింది మాత్రం ఆమె కాలి నుంచే.

2013 యూరో సెమీస్ కూడా స్వీడన్ మీదే, అదీ గోథెన్‌బర్గ్‌లో, వాళ్ల సొంత జనం ముందు. 1-0. ఆ ఒక్క గోల్ ఎవరిది? పెద్ద మ్యాచ్‌లో తేలిపోయే మనిషి చేసే పనులు కావివి.

హాఫ్‌స్పేస్
సరిగ్గా నేను అనబోయింది అదే. ఇప్పుడు 2017కు రండి, రోగం అక్కడ కనిపిస్తుంది.

అప్పటి కోచ్ స్టెఫీ జోన్స్ డైమండ్ పెట్టింది. మిడ్‌ఫీల్డ్‌లో నలుగురు వజ్రం ఆకారంలో, ముందు కొనలో మరోజాన్, ఆమె ముందు ఇద్దరు ఫార్వర్డ్‌లు. కాగితం మీద పదో నంబరుకు ఇంతకంటే పెద్దపీట లేదు. మైదానంలో ఏమవుతుందంటే, వింగర్లు లేరు కాబట్టి పక్కల వెడల్పు మొత్తం ఫుల్‌బ్యాక్‌లే (పక్క డిఫెండర్లే) ఇవ్వాలి. వాళ్లు వెనకనుంచి పైకి వచ్చేసరికి రెండు మూడు సెకన్లు. ఈలోగా ప్రత్యర్థి మిడ్‌ఫీల్డ్ మధ్యకు ముడుచుకుంటుంది. లోపల పదీ పదిహేను గజాల జాగాలో ఆరేడుగురు. మరోజాన్ ఆట మొత్తం బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసి, ఒళ్లు సగం తిప్పి, మొదటి టచ్‌తోనే ముందుకు మళ్లడం మీద ఉంటుంది. తిరగడానికి జానెడు చోటు లేకపోతే ఆ టచ్ వెనక్కే పోతుంది. ఆమె బంతి కోసం సెంటర్‌బ్యాక్‌ల దాకా దిగుతుంది. అప్పుడు కొన ఖాళీ, వజ్రం విరిగిపోతుంది.

ఫలితం చూడండి. నాలుగు మ్యాచ్‌ల్లో జర్మనీ గోల్స్ 5. అందులో 3 పెనాల్టీలు. రష్యా మీద 2-0లో రెండూ పెనాల్టీలే, ఒకటి పీటర్, ఒకటి మరోజాన్. డెన్మార్క్ మీద మూడో నిమిషంలో కెర్షోవ్‌స్కీ కొట్టింది గోల్‌కీపర్ చేతిలోంచి జారి వచ్చిన గోల్. ఆడి పగలగొట్టి వేసిన గోల్ కోసం వెతుక్కోవాలి. 1995 నుంచి వరసగా ఆరు యూరోలు గెలిచిన జట్టు ఇది! డెన్మార్క్ తరఫున నదీమ్, నీల్సన్ రెండోసగంలో రెండు వేసి ఇంటికి పంపారు.

అవే నెలల్లో లియోన్‌లో ఆమె ఆట ఎలా ఉంది? ఆ ఏడాది నుంచి వరసగా మూడేళ్లు జర్మనీ ఉత్తమ క్రీడాకారిణి ఆమెనే. అక్కడ కుడిగీత మీద వింగర్ వాన్ డి సాండెన్ ఉంటుంది, లేదా కాస్కరీనో. డిఫెండర్ బయటికి లాగబడుతుంది. ముందు ఫార్వర్డ్ హెగర్‌బర్గ్ ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లనూ కట్టిపడేస్తుంది. మరోజాన్ వెనక హెన్రీ, కుమగాయ్. మధ్యలో తిరగడానికి చోటు దానంతటదే తెరుచుకుంటుంది.

సెకండ్‌బాల్
డైమండ్ తప్పని ఒప్పుకుంటాను, ఆ టోర్నీని సమర్థించేవాళ్లు ఎక్కడా లేరు. కానీ కెప్టెన్ ఆమె. మైదానంలో ఆకారం పనిచేయడం లేదని తెలిశాక బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడాలో కెప్టెన్ సర్దుకోవచ్చు. పదో నంబరు ప్రత్యర్థి ఆరో నంబరు (డిఫెన్స్ ముందుండే మిడ్‌ఫీల్డర్) నీడలో నిలబడి ఆ పాస్ దారి మూసేస్తే చాలు, సగం ప్రెసింగ్ (బంతి కోసం మీద పడటం) అయినట్టే. దానికి పెద్ద పరుగు అక్కర్లేదు, శ్రద్ధ కావాలి. ఆమెలో అది మ్యాచ్‌కోలా ఉండేది. లియోన్‌లో డెబ్బైశాతం బంతి మనదే అయినప్పుడు ఈ లోపం బయటపడదు.

కార్నర్‌ఫ్లాగ్
మీ ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది, శరీరం. వరసగా పెట్టి చూడండి.

2011: సొంతగడ్డ మీద ప్రపంచ కప్పు, మోకాలి గాయంతో జట్టులో లేదు. 2018 జులై: ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, పల్మనరీ ఎంబాలిజం. 2019: ప్రపంచ కప్పు మొదటి మ్యాచ్‌లోనే, చైనా మీద, కాలి వేలు విరిగింది. 2022 ఏప్రిల్: సెర్బియా మీద 2-3తో ఓడిన క్వాలిఫయర్‌లో మోకాలి ముందు లిగమెంట్ తెగింది, మూడు నెలల్లో ఉన్న యూరో పోయింది.

వీటిలో ఎంబాలిజం ఎంత పెద్దదో చాలామందికి తెలియదు. గడ్డ పెరగకుండా, మళ్లీ కట్టకుండా ఉండడానికి రక్తం పలచబరిచే మందు వేస్తారు, సాధారణంగా కనీసం మూడు నెలలు. ఆ మందు మీద ఉండగా దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగదు. టాకిల్, తల బంతి, మోచేయి పోటు, అన్నీ ప్రమాదమే. కాబట్టి ఒంటరిగా నడక, సైకిల్, పరుగు వరకే. జట్టుతో కలిసి బంతి ఆడటం ఆఖర్న. ఊపిరి సామర్థ్యం వేరుగా తిరిగి రావాలి. అలాంటి స్థితి నుంచి అదే సీజన్‌లో తిరిగొచ్చి, 2019 మే నెలలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో 5వ నిమిషానికే బార్సిలోనా మీద గోల్ కొట్టింది. వేదిక బుడాపెస్ట్, ఆమె పుట్టిన ఊరు. తండ్రి యానోష్ హంగరీకి ఆడినవాడు, చిన్నప్పుడే కుటుంబం జర్మనీలోని జార్‌బ్రుకెన్‌కు వెళ్లింది. లియోన్ 4-1తో గెలిచింది. తర్వాత మూడు హెగర్‌బర్గ్‌వి కాబట్టి వార్తలన్నీ ఆమె మీదే వచ్చాయి. తలుపు తెరిచింది మాత్రం మరోజాన్.

నెల తిరగకుండానే ఫ్రాన్స్‌లో వేలు విరిగింది. క్వార్టర్స్‌లో స్వీడన్ మీద రెండోసగం వచ్చి ఆడింది. వేలు విరిగిన కాలితో బూటు బిగించుకుంటే ముందు పోయేది తన్నుడు బలం కాదు, మలుపు. ఆగి తిరిగేటప్పుడు బరువంతా కాలి వేళ్ల మీదే పడుతుంది. మలుపు మీద బతికే ఆటగత్తెకు అది పోతే ఇంకేం మిగులుతుంది? జర్మనీ 2-1తో ఓడింది. ఆ మ్యాచ్‌ను ఆమె ఖాతాలో రాయడం అన్యాయం.

లియోన్‌లైన్
కార్నర్‌ఫ్లాగ్ గారి లెక్క చూస్తే, ఆమె పూర్తి ఆరోగ్యంతో జర్మనీకి ఆడిన పెద్ద టోర్నీలు నిజానికి మూడు నాలుగే. అందులో రెండు గెలిచింది. 15 ఏళ్లకే బుండెస్‌లీగాలో గోల్ కొట్టి, 2008 అండర్-17 ప్రపంచ కప్పులో అత్యధిక గోల్స్ కొట్టి, 2012 అండర్-20లో ఉత్తమ క్రీడాకారిణిగా గోల్డెన్ బాల్ అందుకున్న అమ్మాయి అని ఆశ ఆకాశమంత పెట్టుకున్నాం. కొలబద్ద అక్కడ పెట్టి తర్వాత కొలవడం మొదలుపెట్టాం.

సెకండ్‌బాల్
గాయాల సంగతి ఒప్పుకున్నాను, 2019ని నా వాదనలోంచి తీసేస్తున్నాను. 2022 మాత్రం వదలను. ఆమె ఫిట్‌గా ఉండి ఉంటే అప్పటి కోచ్ వోస్-టెక్లెన్‌బర్గ్ ఎవరిని తీసేది? మగుల్‌నా? ఆ ముగ్గురి అల్లిక చెడకుండా ఆమెను ఎక్కడ పెట్టేవాళ్లు?

హాఫ్‌స్పేస్
మొదటి పదకొండుమందిలో పెట్టను. 65వ నిమిషం తర్వాత, ప్రత్యర్థి అలిసి గీతల మధ్య దూరం పెరిగినప్పుడు, మగుల్ స్థానంలో దింపుతాను. ఫైనల్లో మగుల్ 79వ నిమిషంలో సమం చేశాక ఆట అదనపు సమయానికి వెళ్లింది. గాయంతో కెప్టెన్ పాప్ కూడా లేని ఆ రాత్రి, కార్నర్లూ ఫ్రీ కిక్‌లూ కొట్టడానికి అలాంటి కుడికాలు బెంచి మీద ఉంటే చాలు. 110వ నిమిషంలో ఇంగ్లండ్ గెలుపు గోల్ ఎక్కడినుంచి వచ్చింది? కార్నర్ నుంచే.

సెకండ్‌బాల్
బెంచి మీద అయితే అభ్యంతరం లేదు. కానీ మొదట మీరు అడిగింది "సరిగ్గా వాడుకుందా" అని. ముప్పై ఏళ్ల వయసులో, ఆఖరి అరగంట మనిషిగా వాడటమే సరైన వాడకమైతే, ఆమె చుట్టూ జట్టు కట్టాలన్న 2017 ఆలోచన మూలంలోనే తప్పు. అది జోన్స్ తప్పు ఒక్కటే కాదు, మనలాంటి అభిమానులందరి కోరికా అదే.

హాఫ్‌స్పేస్
చుట్టూ కట్టడం తప్పు కాదు, రెండు పక్కలా రెక్కలు లేకుండా కట్టడం తప్పు. రియోలో పక్కలనుంచి వెడల్పు ఉంది, వెనక బెరింగర్ కాపలా ఉంది. మనిషి అదే, పదకొండు నెలల తేడా అంతే.