అప్‌డేట్: అమ్మ ప్లస్ పవర్‌కు, చత్వారానికి చివరికి చేయించిన ఆపరేషన్

దూరానికీ దగ్గరికీ ప్లస్ అద్దాలు వాడే మా అమ్మగారికి లాసిక్ (లేజరుతో చేసే కంటి ఆపరేషన్) పనికొస్తుందా అని నేను ఇంతకుముందు అడిగినప్పుడు సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ముందు కంటి లోపలి కోణం, అంటే కంటిలోని నీరు బయటికి పోయే దారి, పరీక్ష చేయించమన్న సలహాయే మాకు అక్కరకు వచ్చింది. ప్లస్ పవర్ ఉన్న కళ్లు సాధారణంగా పొట్టిగా ఉంటాయనీ, అమ్మ కళ్లలో నీరు బయటికి పోయే దారి ఇరుకై నీటికాసుల (గ్లాకోమా) ముప్పు ఉందనీ, పైగా శుక్లం కూడా మొదలైందనీ డాక్టరు గారు చెప్పారు. లాసిక్ కంటి ముందున్న పారదర్శక పొరను (కార్నియాను) మలుస్తుందే తప్ప వయసుతో గట్టిపడిన లోపలి లెన్సును మార్చదు కనుక, ఆ లెన్సునే తీసి కృత్రిమ లెన్సు అమర్చారు. దాంతో ఆ దారి కూడా వెడల్పయింది.

రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చన్నందున దూరం, దగ్గర రెండూ చూపే మల్టీఫోకల్ లెన్సు వద్దనుకుని, ముందు కాంటాక్ట్ లెన్సులతో సరిచూసుకున్నాక ఒక కన్ను దూరానికి, రెండోది దగ్గరికి పెట్టించాము. పంచాంగంలోని సన్న అక్షరాలు అమ్మ అద్దాలు లేకుండానే చదువుతున్నారు, సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం అద్దాలు కావాలి.