ఫారెస్టర్లకి అడవి టూర్: కోత అడవి, కోయని అడవి ఒకే రోజు పెట్టొచ్చా?

పచ్చబాట:
ఫీల్డ్ టూర్ ఏర్పాటు చేసే పని నా మీద పడింది. పొద్దున కలప కోసం నడిపే అడవి, మధ్యాహ్నం రక్షిత అడవి అనుకున్నాను. వచ్చేవాళ్లంతా ఇదే వృత్తిలో ఉన్నవాళ్లు, గైడ్ చెట్ల పేర్లు చెప్పడం మొదలెడితే ఆవలిస్తారు. అసలు ఏం చూపించాలి? రక్షిత అడవిలో "ఇక్కడ మేం ఏమీ చెయ్యం" అన్న ఒక్క మాటతో అయిపోతుందేమోనని టెన్షన్.

మానుకొలత:
ఒకే రోజు పెట్టండి, కానీ రెండు చోట్లా ఒకే రకం నేల, ఒకే రకం చెట్లు ఉండాలి. లేకపోతే తేడా కోత వల్లా నేల వల్లా అని అక్కడే గొడవ. జర్మనీలో ల్యూబెక్ నగర అడవిలో సుమారు పదో వంతు కొట్టకుండా వదిలేసి, మిగతాదాన్ని దానితో పోల్చి చూస్తారు. అంటే "ఏమీ చెయ్యం" అన్న చోటే అక్కడ కొలబద్ద.

ఇక గైడ్ మాటలు తగ్గించి వాళ్లచేత పని చేయించండి. యూరప్‌లో మార్టెలోస్కోప్ అని ప్లాట్లు ఉంటాయి, మామూలుగా 1 హెక్టారు, ప్రతి చెట్టుకీ నంబరు, లావు, కలప విలువ, తొర్రల్లాంటివి ఉంటే ఆవాస విలువ, అన్నీ ముందే కొలిచి పెడతారు. వచ్చినవాళ్లు జట్లుగా ట్యాబ్ పట్టుకుని ఏది కొట్టాలో ఏది ఉంచాలో మార్క్ చేస్తారు, నిజంగా ఏ చెట్టూ పడదు. వడ్రంగిపిట్ట తొర్ర ఉన్న వంకర మాను పక్కనున్న మంచి చెట్టుని అణిచేస్తోందనుకోండి, ఒకరు కొట్టెయ్యమంటారు, ఇంకొకరు ముట్టుకోవద్దంటారు. ఆ వాదన కోసమే టూర్. ట్యాబ్‌లు లేకపోతే రంగు రిబ్బన్లూ కాగితమూ చాలు.

కూపుదారి:
మార్కింగ్ బాగుంది కానీ కోత అయిపోయిన కూపు (ఒక విడతలో చెట్లు కొట్టే అడవి ముక్క) కూడా చూపించండి. కొట్టాల్సిన చెట్టుకి గుర్తుగా పెట్టే రంగు ఛాతీ ఎత్తులోనే కాకుండా మాను అడుగున, రంపం పడే చోటుకి కింద కూడా వేసి ఉంటే, కోత అయ్యాక మొద్దు మీద మిగిలే ఆ రంగే సాక్ష్యం. రంగు లేని మొద్దు కనిపిస్తే మీవాళ్లే గైడ్‌ని నిలదీస్తారు. దుంగలు ఈడ్చిన దారిలో చక్రాల గాడి ఎంత లోతు దిగింది, ఉంచిన చెట్లకి బెరడు ఎక్కడ లేచింది, ఇవీ చూడాల్సినవి. బాగా వచ్చిన కూపు ఒక్కటే చూపించి పంపేసే టూర్లంటే నాకు ఒళ్లుమంట.

పచ్చబాట:
సరేనండీ, మరి రక్షిత అడవిలో పడిపోయిన చెట్లు తప్ప ఏముంటాయి?

మానుకొలత:
అవే చూపించండి! ఒరెగాన్‌లోని హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగ అడవిలో దుంగలు కుళ్లడాన్ని 200 ఏళ్ల పాటు కొలవాలని 1985లో ప్రయోగం పెట్టారు. మీరు ఒక కుళ్లిన దుంగ మీద మొలకలు లెక్కపెట్టించండి, పక్కన అంతే మేర నేల మీదా లెక్కపెట్టించండి.

తడిబూటు:
క్రమం మాత్రం తిరగెయ్యండి, రక్షిత అడవి పొద్దునే. బూట్లకంటిన మట్టితో తెగుళ్లు పాకుతాయి, న్యూజిలాండ్‌లో కౌరీ చెట్లని చంపే ఫైటోఫ్తొరా తెగులు అలాంటిదే, అందుకే అక్కడ అడవి దారుల మొదట్లోనే బూట్లు శుభ్రం చేయిస్తారు. మధ్యాహ్నం కూపులో చెట్లు కొడుతూ ఉంటే అందరికీ హెల్మెట్, కొట్టే చెట్టు ఎత్తుకి కనీసం రెండింతల దూరం. ఆ వేళకి కోత జట్టు పనిలో ఉంటుందో లేదో ముందే కనుక్కోండి.