అప్‌డేట్: మీటింగ్ ‘మినిట్స్’కీ గడియారంలో నిమిషానికీ సంబంధం ఉంది
మీటింగ్‌లో రాసే నోట్సును ‘మినిట్స్’ అని ఎందుకంటారు, నిమిషాలకీ దానికీ ఏం సంబంధం అని అడిగాను కదా. మీ జవాబులు చదివి, డిక్షనరీలు తిరగేశాక విషయం తేలింది.

రెండింటికీ మూలం లాటిన్‌లో ‘చిన్నది’ అనే మాటే. గంటను 60 ముక్కలు చేస్తే వచ్చేది ‘మొదటి చిన్న భాగం’, అదే మినిట్. దాన్ని మళ్లీ 60 చేస్తే ‘రెండో చిన్న భాగం’. అందుకే సెకండ్! ఫస్ట్, సెకండ్ ర్యాంకుల్లోని సెకండూ ఇదే. కోణాల్లోనూ డిగ్రీకి 60 మినిట్లు. మన గడియకూ 60 విఘడియలే, కాకపోతే గడియంటే 24 నిమిషాలు. మీటింగ్ మినిట్స్ మాత్రం చిన్న అక్షరాలతో గబగబా రాసుకునే చిత్తుప్రతి నుంచి వచ్చి ఉంటాయట.

అదే స్పెల్లింగును ‘మైన్యూట్’ అని పలికితే అతి సూక్ష్మం. ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, చాలామంది ‘మినిట్ డీటెయిల్స్’ అనేస్తున్నారు.

ఇడియమ్స్‌లో నాకు నచ్చింది ‘ది మినిట్ ఐ సా హిమ్’. మనం ‘చూడగానే’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ‘జస్ట్ ఎ మినిట్’ సంగతి చెప్పక్కర్లేదు. ‘ఒక్క నిమిషం’ అన్న మా మేనేజర్ కోసం అరగంట నుంచి లైన్‌లోనే ఉన్నాను, ఇదంతా ఆ ఖాళీలో టైప్ చేసిందే.