ఇంటికో ఉద్యోగం ఉన్న ఊళ్లో కారు అమ్మేయొచ్చా?

రోజూ_ప్రయాణం: పర్యావరణహిత పట్టణాల ప్లాన్లు ఏది చదివినా ఒకటే మాట, ఎన్ని ఇళ్లు కడితే దగ్గర్లో అన్ని ఉద్యోగాలట. ఇంగ్లండ్‌లో 2009లో ఎకో టౌన్లకి పెట్టిన రూల్స్‌లోనూ ఇదే ఉండేది. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగస్తులం, తన ఆఫీసు ఒక దిక్కు, నాది ఇంకో దిక్కు, మధ్యలో పాప స్కూలు. అలాంటి చోట ఇల్లు తీసుకుంటే ఉన్న రెండు కార్లూ అమ్మేయొచ్చంటారా?

పట్టాల_పక్క: ఆ రూల్ ఇంకోసారి చూడండి, ఇంటికి కనీసం ఒక ఉద్యోగం అన్నారు, మనిషికి ఒకటని కాదు. అదీ బస్సులోనో రైల్లోనో చేరుకోగలిగినా చాలు. పైగా ఊళ్లో ఉద్యోగం ఉన్నంత మాత్రాన అది మీకు సరిపడేదై ఉండాలని ఏముంది? స్టాక్‌హోమ్ దగ్గరి వెల్లింగ్‌బీలో సెంటర్ 1954లో మొదలైంది, పని, ఇల్లు, సెంటర్ అన్నీ ఒక్కచోటే అని ఏబీసీ పట్టణం అన్నారు (స్వీడిష్‌లో ఆ మూడు మాటల మొదటి అక్షరాలు). తీరా చూస్తే ఊళ్లోవాళ్లలో చాలామంది బయటికి పనికెళ్లారు, ఊళ్లో పనులకేమో బయటివాళ్లు వచ్చారు. అయినా ఇబ్బంది పడలేదు, ఎందుకంటే సెంటర్ తెరవడానికి రెండేళ్ల ముందే, 1952లోనే, అక్కడికి మెట్రో వచ్చేసింది. నన్నడిగితే ఉద్యోగాల లెక్క పక్కన పెట్టి రైలు ఎప్పుడొస్తుందో అడగండి.

చివరి_బస్సు: నూటికి నూరుపాళ్లు నిజం. మేం ఇలాంటి కాలనీలోనే చేరాం, బస్సు వస్తుందన్నారు, వచ్చేసరికి ఏడాదిన్నర. ఈలోగా అందరూ రెండో కారు కొనేశారు, ఇక బస్సెవరు ఎక్కుతారు? పొద్దున 7:10 బస్సులో డ్రైవరూ నేనూ, అంతే. సాయంత్రం ఆఖరి బస్సు 7:30కి, మీటింగ్ పది నిమిషాలు సాగిందంటే టెన్షనే. జనం లేరని చివరికి అదీ తీసేశారు.

సైకిల్_బెల్లు: రైలు ఒక్కటే కాదండీ, పార్కింగ్ కూడా చూడాలి. జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరంలోని వోబాన్ అనే పేటకి ట్రామ్ 2006లో గానీ రాలేదు, జనం అప్పటికే ఉంటున్నారు. కానీ చాలా వీధుల్లో ఇంటి ముందు కారు పెట్టనివ్వరు, కావాలంటే అంచున గ్యారేజీలో చోటు కొనుక్కోవాలి. కారు దాకా నడవాల్సి వచ్చినప్పుడు సైకిలే నయం అనిపిస్తుంది కదా.

రోజూ_ప్రయాణం: అయితే ముందు ఆఖరి బస్సు టైమ్ కనుక్కుంటా. రెండు కార్లలో ఒకటి అమ్మి, రెండోది ఏడాదైనా ఉంచుతా. ఈ మాట మా ఆవిడ ముందే అంది లెండి.