హైదరాబాద్ వదిలేసి నెల్లూరు వచ్చేస్తే బతకొచ్చా? ఒంగోలైనా ఓకే

కావలి_కుర్రోడు:

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ ఏమీ రాయలా, ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

నాకు 34. సొంతూరు కావలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, పదకొండేళ్ళయింది. ఇల్లు నిజాంపేట, ఆఫీసు గచ్చిబౌలి, వాన పడిన రోజు ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయి ఉంటది. ఇప్పుడు కొత్త మేనేజర్ వచ్చి నెలకి నాలుగు రోజులు ఆఫీసుకొస్తే చాలు, మిగతాది ఎక్కడ్నించైనా చేసుకో అన్నాడు. మొన్న సంక్రాంతికి ఊరొచ్చి, ఎట్టాగూ వచ్చాం కదా అని వారం రోజులు ఇంటి నించే లాగిన్ అయ్యా. సాయంత్రం ఆరుకి లాప్‌టాప్ మూస్తే ఆరూ పదికల్లా సెంటర్లో నిలబడి మిరపకాయ బజ్జీ తింటున్నా. అప్పట్నించీ బుర్రలో ఇదే తిరుగుతా ఉంది.

నెల్లూరు అనుకుంటున్నా, లేకపోతే ఒంగోలు. కావలికి రెండూ కాస్త అటూ ఇటూగా గంట ప్రయాణమే. కావల్లోనే ఉండొచ్చుగా అని మాత్రం అడగొద్దు ప్లీజ్, ఆ చర్చ మా ఇంట్లో ఒకసారి అయిపోయింది. అద్దెలు, నెట్టు, కరెంటు, పాపకి స్కూలు ఇవన్నీ ఎట్టా ఉంటాయో ఉన్నోళ్ళు చెప్పండి. హైదరాబాద్ ఖర్చులో సగంతో అయిపోద్దని నా లెక్క, కరెక్టేనా?

దర్గామిట్ట_దోమ:

బెంగుళూరు నించి వచ్చేసి నాకు నాలుగో ఏడు నడస్తుండాది అన్నా, కాబట్టి చెప్పే అర్హత ఉండాదనుకుంటుండా.

ముందు లెక్క సరిచేసుకో. సగం అవదు. సగం అయ్యేది అద్దె ఒక్కటే. నేను మాగుంట లేఅవుట్లో డబుల్ బెడ్రూం అడిగితే 18 వేలు చెప్పారు, గమ్మున వేదాయపాళెం సైడు పోయి 11కి తీసుకున్నా. పాలు, పెట్రోలు, స్కూలు ఫీజు, ఇవేవీ నెల్లూరు కదా అని తగ్గవు. పైగా అక్కడ లేని ఖర్చు ఇక్కడ ఒకటుండాది, ఫంక్షన్లు. బెంగుళూర్లో ఉన్నప్పుడు లీవ్ దొరకలా అంటే అయిపోయేది. ఇక్కడుంటే గృహప్రవేశం, ఓణీలు, ఉపనయనం, పెద్దకర్మ, ఒక్కటి వదిలినా 'ఊళ్ళోనే ఉండి రాలేదు' అని పదేళ్ళు గుర్తు పెట్టుకుంటారు. పోయిన మాఘమాసం ఒక్క నెల్లో చదివింపులకే తొమ్మిది వేలు పోయినాయి, మా ఆవిడ డైరీలో రాసి పెట్టింది.

ఇంకోటి, ఇంటి నించి పని చేస్తే ఖాళీగా ఉన్నట్టే లెక్క ఈడ. మొదటి ఆరు నెలలు మా పెదనాన్న మా నాన్నని పక్కకి పిలిచి 'అబ్బయ్యని ఉద్యోగంలోంచి తీసేశారా ఏంది, నాకన్నా చెప్పు' అని అడిగాడంట. ఆఫీసు ఫోన్ కాల్‌లో ఉంటే వచ్చి బ్యాంకుకి తీసుకుపో అంటారు, మీటింగ్ పెట్టేలోపు రిజిస్ట్రాఫీసులో సాక్షి సంతకం పెట్టి రా అంటారు. ఇప్పటికి నేను మూడు ప్లాట్లకి సాక్షిని, నాకు మాత్రం ఒక్క అంకణం స్థలం కూడా లేదు. తలుపు మూసుకుని పని చేసే గది ఉన్న ఇల్లే తీసుకో, ఒక వంద ఎక్కువైనా పర్లేదు.

నెట్టు బాగానే ఉంటది. రెండు వేరే వేరే కంపెనీలవి పెట్టుకో, ఇన్వర్టర్ తప్పదు.

వాన సంగతి మాత్రం మర్చిపోయుంటావ్, చిన్నప్పుడే పోయావు కదా. మనకి అసలు వానలు అక్టోబర్ నించి డిసెంబర్ దాకా. హైదరాబాదోళ్ళు స్వెటర్లు తీసే టైంకి మనం గొడుగులు తీస్తాం. వాయుగుండం అంటే టీవీలో స్క్రోలింగ్ కాదు, మన వీధే. 2021 నవంబర్లో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గిర రైలు కట్ట కొట్టుకపోయింది, హైవే కూడా తెగింది, చెన్నై విజయవాడ మధ్య రైళ్ళే లేవు. అంత కాకపోయినా గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి నిండిపోద్ది. ఊరి మధ్యలో రైలు కట్ట కదా, ఇల్లు ఒక పక్క స్కూలు ఒక పక్క అయితే ఆ రోజు పాపకి సెలవే. ఇల్లు చూసేటప్పుడు స్కూలు ఏ పక్కో ముందు తేల్చుకో.

దోమల సంగతి నా పేరు చూసి అర్థం చేసుకో. సాయంత్రం ఐదున్నరకి కిటికీలు మూయకపోతే ఇంక ఎవురూ కాపాడలేరు.

ఇంత చెప్పి వెళ్ళిపోతావా అంటే, వెళ్ళను. మా పాపకి వాళ్ళ తాత రోజూ సాయంత్రం ఎక్కాలు చెప్తాడు. ఆదివారం అరగంటలో మైపాడు బీచ్. శుక్రవారం రాత్రి ఏడింటికి మామిడికాయ వేసిన చేపల పులుసు పొయ్యి మీద ఉంటే ట్రాఫిక్‌లో లేను కదా అనిపిస్తది.

నల్ల_గెలాక్సీ:

నెల్లూరోళ్ళు దోమల గురించి చెప్తే ఒంగోలోళ్ళం నీళ్ళ గురించి చెప్పాల. చీమకుర్తి గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో పని నాది, ఇల్లు ఒంగోలు కర్నూల్ రోడ్డు. మాకు సాగర్ కుడి కాలవ నీళ్ళు సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల్లో నింపుకుని ఊరికి వదుల్తారు. కొళాయి రోజూ రాదు. అందుకని ఇల్లు చూసేటప్పుడు హాలు ఎంతుంది బాల్కనీ ఉందా అని కాదు, సంపు ఎంతుంది అని అడుగు. మా బోరు నీళ్ళకి సబ్బు నురగ రాదు. ఏప్రిల్ మేలో ట్యాంకర్ డ్రైవర్ నంబర్ ఉన్నోడే గొప్పోడు.

అది వదిలేస్తే ఒంగోలు చిన్నది, బండేసుకుంటే ఈ చివర్నించి ఆ చివరికి ఇరవై నిమిషాలు. కొత్తపట్నం బీచ్ దగ్గర. విజయవాడ నెల్లూరుకంటే మాకే దగ్గర, నీకు చెన్నైతో పని ఉంటే నెల్లూరు బెటర్.

నేను చెప్పాలనుకుంది వేరే. నెలకి నాలుగు రోజులు అన్నాడు మీ మేనేజరు, ఆ నాలుగూ వరసగానా, వారానికొకటా? వారానికొకటి అయితే నీ నడుం పోద్ది తమ్ముడూ. రాత్రి సింహపురో నారాయణాద్రో ఎక్కడం, పొద్దున దిగి ఎవడింట్లోనో స్నానం, మళ్ళా రాత్రికి బండి, ఇది నెలకి నాలుగుసార్లు. పగలైతే 2023 నించి తిరుపతి వందేభారత్ ఉంది, నెల్లూర్లోనూ ఆగుద్ది ఒంగోల్లోనూ ఆగుద్ది, కానీ పగలంతా బండిలోనే పాయె. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే కదా తెరిచేది, మరి మీవోడు ఏ తారీకులో రావాలో 60 రోజుల ముందు చెప్తాడా? పండగ టైం అయితే 60 రోజుల ముందు కూడా నిమిషాల్లో వెయిటింగ్‌కి పోద్ది. ఆ నాలుగు రోజులూ నెల మొదట్లో ఒకేసారి పెట్టించుకో, కాగితం మీద.

చాక్‌పీస్:

పైన ఇద్దరూ దోమలు, సంపు, రైళ్ళు అన్నీ చెప్పారు, ఒక్కరు కూడా ఒక మాట అడగలా. మీ ఆవిడ ఏం చేస్తారండీ? పోస్టులో పాప ఉంది, మేనేజర్ ఉన్నాడు, బజ్జీ కూడా ఉంది, ఆమె మాత్రం లేదు.

నేను పెళ్ళయ్యాక చెన్నై నించి నెల్లూరు వచ్చినదాన్నే. అక్కడ ఒక కంపెనీలో హెచ్‌ఆర్. ఇక్కడికొచ్చి ఏడాది ఖాళీగా కూర్చుని, చివరికి ఒక ప్రైవేట్ కాలేజీలో చేరా. ఎంబీఏ పిల్లలకి పాఠాలు. అక్కడ తీసుకున్నదాంట్లో సగం కూడా రాదు, అది కూడా కొన్ని నెలలు ఇరవయ్యో తారీకుకి పడుద్ది. పని ఇష్టమే, కాదనను. కానీ నచ్చకపోతే ఇంకో కంపెనీ అనేది ఇక్కడ ఉండదు, ఇంకో కాలేజీ, అక్కడ కూడా అదే జీతం, వాళ్ళ ప్రిన్సిపాలూ మా ప్రిన్సిపాలూ ఒకే వాకింగ్ ట్రాక్.

మా దగ్గర చదివినోళ్ళు పోయేది కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ ప్లాంట్లు, నాయుడుపేట, తడ దాటి శ్రీసిటీ, మిగతా అందరూ చెన్నై బస్సో హైదరాబాద్ బండో ఎక్కుతారు. కోరికకో రొట్టె అని చెరువు నీళ్ళల్లో నిలబడి మార్చుకుంటారు కదా, ఆ రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గిరకి రండి ఒకసారి, ఉద్యోగం రొట్టె కోసం ఎంతమంది నీళ్ళల్లో నిలబడి ఉంటారో చూస్తే ఈ ఊరి సంగతి తెలిసిపోద్ది.

ఇంకొకటి, కోపంగా కాదు ఊరికే చెప్తున్నా. మూడేళ్ళలో నా జీతం రెండు వేలు పెరిగింది, మా ఇంటి అద్దె మూడు వేలు పెరిగింది. పెంచేటప్పుడు ఓనర్‌గారు 'ఏం చెయ్యమంటావమ్మా, హైదరాబాద్ నించి సాఫ్ట్‌వేర్ వాళ్ళు వచ్చి అడుగుతుండారు' అన్నారు. అది మీరే అయ్యుంటారు.

వెళ్ళొచ్చినోడు:

నేను రివర్స్ కేసు, వచ్చి మళ్ళా వెళ్ళిపోయినోణ్ణి. 2022లో మొత్తం సామాను లారీకెక్కించి నెల్లూరు వచ్చేశాం. పర్మనెంట్ వర్క్ ఫ్రం హోం అన్నారు, కేక్ కూడా కోశారు మా టీంలో. పధ్నాలుగు నెలలకి ఒక మెయిల్ వచ్చింది, వారానికి మూడు రోజులు ఆఫీసు. పర్మనెంట్ అన్నారుగా అంటే ఎవరన్నారు అన్నారు. అన్నాయన అప్పటికే వేరే కంపెనీకి పోయాడు.

స్కూల్లో కట్టిన అడ్మిషన్ ఫీజు పాయె, నెల్లూర్లో ఇంటి అడ్వాన్సులో పెయింటింగ్ అని సగం పట్టుకున్నారు, మళ్ళా లారీ, మళ్ళా హైదరాబాద్లో కొత్త అద్దె, ఫ్రిజ్ డోరు రెండు ప్రయాణాలకీ సొట్టపడింది. అన్నీ కలిపి లక్షన్నర దాటింది. డబ్బు సంగతి అట్టా ఉంచితే, మా అమ్మ. పధ్నాలుగు నెలలు మనవడు రోజూ కళ్ళ ముందున్నాడు, మళ్ళా వెళ్ళిపోతున్నాం అని చెప్పిన రోజు ఆమె ఏమీ అనలా, లోపలికి పోయి బియ్యం ఏరతా కూర్చుంది. అసలు రాకపోయుంటే అది ఉండేది కాదు.

రావద్దని కాదు బ్రో నేననేది. మీ మేనేజర్ అన్నమాట నోటిమాటా, మెయిలా? అదొక్కటి చెప్పు ముందు.

కావలి_కుర్రోడు:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలా, థాంక్స్ అందరికీ. ఒక్కొక్కటీ చెప్తా.

వెళ్ళొచ్చినోడు అన్నా, నోటిమాటే. క్యాంటీన్లో టీ తాగేటప్పుడు అన్నాడు. మెయిల్ అడిగితే చూద్దాం అంటున్నాడు, ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తా ఉంది.

గెలాక్సీ అన్నా, వారానికొక రోజంట. ఆ సంగతి మీరు అడిగాకే కనుక్కున్నా.

చాక్‌పీస్ గారూ, మీరడిగింది చదివి ఒక పూట జవాబు రాయలేకపోయా. మా ఆవిడ కూకట్‌పల్లిలో ఒక ఆడిటర్ దగ్గర చేస్తది, జీఎస్టీ ఫైలింగులూ అవీ, 32 వేలు. ఆమె క్లయింట్లు ఆమెకే ఫోన్ చేస్తారు, సార్‌కి కాదు. ఈ థ్రెడ్ మొత్తం ఆమెకి చూపించా. అంతా చదివి 'నీకు కావాల్సింది బజ్జీలైతే నేనే వేస్తా, దానికి నెల్లూరు ఎందుకు' అంది. తర్వాత రాత్రికి కాస్త మెత్తబడి, ఇంటి నించి ఫైలింగులు చేయొచ్చేమో సార్‌ని అడుగుతా, కానీ సీజన్లో ఆఫీసులో ఉండాల్సిందే అంది. అద్దె మాటకి మాత్రం సారీ అండి, మేము ఇంకా ఎవర్నీ అడగలా, ఒట్టు.

చాక్‌పీస్:

సారీ ఎందుకండీ, మీరు కాకపోతే ఇంకొకరు. ఆవిడని అడిగారు కదా, అది చాలు. నెల్లూర్లో ఆడిటర్లకేం తక్కువ లేదు, ఆక్వా వాళ్ళు, రైస్ మిల్లుల వాళ్ళు, అందరికీ ఫైలింగులు కావాలి. 32 మాత్రం ఇవ్వరు. సొంతంగా క్లయింట్లని పట్టుకుంటే వేరే సంగతి, దానికి రెండేళ్ళు పడుద్ది.

దర్గామిట్ట_దోమ:

అన్నా ఒక పని చెయ్. సంక్రాంతికి వచ్చి డిసైడ్ అయినావు చూడు, అదే తప్పు. సంక్రాంతికి ఏ ఊరైనా బాగుంటది, చలికాలం, చుట్టాలంతా ఉంటారు, అరిసెలుంటాయి, ఎవురూ అప్పు అడగరు. నవంబర్లో రా. సామాను తేవద్దు, రెండు పరుపులూ ఒక టేబులూ, పాపకి ఆ నెల ఆన్‌లైనో సెలవో ఏదో ఒకటి చూసుకో. వాన, దోమ, కరెంటు, పెదనాన్న, అన్నీ ఆ నెల్లోనే తగుల్తాయి. నెలంతా ఉండి ఇంకా నచ్చితే అప్పుడు లారీ మాట్లాడుకో. మే నెల కూడా ఒకటుండాది కానీ అంత కష్టం పెట్టను నిన్ను.

నల్ల_గెలాక్సీ:

మేలో ఒంగోలు రా తమ్ముడూ, ట్యాంకర్ డ్రైవర్ని పరిచయం చేస్తా.

కావలి_కుర్రోడు:

నవంబర్ ఐడియా మా ఆవిడకి కూడా ఓకే, ఆమెకి రావడం కుదరకపోయినా నేనూ పాపా వస్తాం అని మాట్లాడుకున్నాం. ఈలోపు మెయిల్ కోసం మేనేజర్ వెంట పడతా. ఒక్క నెలకి ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఫస్ట్ ఫ్లోర్ అయితే మేలు, తలుపున్న గది ఒకటి, స్టేషన్‌కి దగ్గర, కిటికీలన్నిటికీ మెష్ ఉండాలి.

దర్గామిట్ట_దోమ:

కిటికీలన్నిటికీ మెష్ ఉన్న ఇల్లు దొరికితే ముందు నాకు చెప్పు అన్నా, నేను మారతా.