మూడేళ్ల లాబ్రడార్‌కు రోజుకు ఎంత నడక చాలు?

ప్రశ్న – మియాపూర్ నివాసి

అందరికీ నమస్కారం. మేము మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నాము. మా బ్రూనో మూడేళ్ల మగ లాబ్రడార్. నిరుడు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన తరువాత క్రమంగా బరువు పెరిగి ఇప్పుడు 41 కిలోలకు చేరాడు. ఉదయం ఏడున్నరకు, ఆఫీసుకు బయలుదేరే ముందు నేను ఇరవై నిమిషాలు, రాత్రి పూట మా నాన్నగారు మరో పదిహేను నిమిషాలు కిందికి తీసుకువెళ్తున్నాము. అయినా సాయంత్రమైతే చెప్పులు కొరకడం, తలుపు దగ్గర నిలబడి అదేపనిగా మొరగడం, గేటు దాటగానే బెల్టును బలంగా లాగడం మానడం లేదు. నాన్నగారికి 68 ఏళ్లు; వాడు లాగినప్పుడు ఎక్కడ పడిపోతారోనని నాకు భయంగా ఉంటోంది. బరువు తగ్గాలంటే రోజుకు రెండు గంటలు నడిపించాలని ఒకరు, ఈ ఏప్రిల్ ఎండల్లో అసలు బయటికే తీయవద్దని మరొకరు చెబుతున్నారు. ఏది పాటించాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – విశ్రాంత పశువైద్యుడు, హనుమకొండ

లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట ఉండి, చల్లని నీటిలో ఈదుతూ వలల పనిలో సాయపడిన కుక్కలు. రోజంతా పని చేయాలన్న తపన, చలిని ఆపే ఒత్తయిన లోపలి బొచ్చు రెండూ వాటి నుంచే మీ బ్రూనోకు వచ్చాయి. మొదటిది తీరక వాడు చెప్పులు కొరుకుతున్నాడు; రెండవది ఉన్నందువల్ల హైదరాబాదు ఎండ వాడికి మనకంటే ఎక్కువ ప్రమాదకరం. కాబట్టి మీకు చెప్పిన ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

ఆరోగ్యంగా ఉన్న ఈ వయసు లాబ్రడార్‌కు రోజు మొత్తం మీద గంట నుంచి గంటన్నర వరకు కదలిక అవసరం. అయితే ఇప్పటివరకు ముప్పై అయిదు నిమిషాలకు అలవాటు పడిన, ఉండవలసిన దానికంటే అయిదారు కిలోలు ఎక్కువున్న కుక్కను రేపటి నుంచే రెండు గంటలు నడిపిస్తే తుంటి కీళ్లు, మోకాళ్లు దెబ్బతింటాయి. ఈ జాతిలో తుంటి కీళ్ల లోపం మొదటి నుంచీ ఎక్కువే. వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచుతూ పోండి. బంతిని పదేపదే విసిరి తెప్పించే ఆట, ఒక్కసారిగా ఆగి తిరగవలసి వస్తుంది కనుక, బరువు తగ్గేవరకు మానడం మంచిది.

సమయం మాత్రం వెంటనే మార్చండి. ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నర అంటే అప్పటికే ఆలస్యం. ఉదయం ఆరు లోపు బయలుదేరండి. సాయంత్రం చల్లగాలి వీచినా తారు రోడ్డు చాలాసేపు వేడిగానే ఉంటుంది. మీ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, వాడి పాదాలూ ఆ వేడికి ఓర్చుకోలేవు. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే; ఒంటి వేడి తగ్గేది ప్రధానంగా నాలుక చాచి రొప్పడం ద్వారానే. రొప్పు ఆగకపోయినా, చొంగ చిక్కబడినా, చిగుళ్లు ముదురు ఎరుపెక్కినా, నడక తూలినా నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, గాలి తగిలేలా చేసి, ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

బరువు విషయంలో నడక ఒక్కదాన్నే నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు ఆకలిని పెంచే ఒక జన్యు మార్పు ఉన్నట్లు కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో వెల్లడించారు. వాడు అడిగినప్పుడల్లా పెడితే, ఎంత నడిపించినా ఫలితం ఉండదు. అమెరికాలో 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించిన ఒక అధ్యయనంలో, నాలుగో వంతు తక్కువ తిన్నవి తోటి కుక్కలకంటే దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి; వాటికి కీళ్ల నొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి. గిన్నెలో వేసే ప్రతి పిడికెడూ కొలిచి వేయండి.

జవాబు – కూకట్‌పల్లి గృహిణి

డాక్టరుగారు చెప్పినవన్నీ మేము అనుభవంతో తెలుసుకున్నవే. నేను ఒక్క విషయం చేర్చాలనుకుంటున్నాను. మా కుక్కను నేను రోజూ గంటసేపు ఆపకుండా వడివడిగా నడిపించేదాన్ని. ఇంటికి వచ్చాక కూడా అది స్థిమితంగా కూర్చునేది కాదు. తరువాత ఒక శిక్షకుని సలహాపై, నడకలో సగభాగం దాని ఇష్టానికి వదిలి, ప్రతి చెట్టు మొదలునూ, ప్రతి గోడ మూలనూ తీరికగా వాసన చూడనిచ్చాను. వారం తిరిగేసరికి నలభై నిమిషాల నడక తరువాత హాయిగా పడుకుని నిద్రపోవడం మొదలుపెట్టింది. ముక్కుతో లోకాన్ని తెలుసుకునే జీవిని వాసన చూడనివ్వకుండా లాక్కుపోవడం, మనల్ని కళ్లకు గంతలు కట్టి ఊరు తిప్పడం లాంటిదని నాకు అప్పుడు అర్థమైంది.

ఎండ ముదిరిన రోజుల్లో ఇంట్లోనే పని కల్పించవచ్చు. గిన్నెలో పెట్టే గింజలను పాత తువ్వాలులో చుట్టి, అట్టపెట్టెల్లో దాచి వెతికించండి. పావుగంట వెతికితే వాడి మనసుకు ఎంతో పని దొరుకుతుంది, పైగా తిండి కూడా ఎక్కువ పెట్టనక్కరలేదు. మీ నాన్నగారి విషయంలో, మెడ పట్టీ బదులు ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) వాడి చూడండి. లాగినప్పుడు కుక్క పక్కకు తిరుగుతుంది కనుక పెద్దవారిపై బలం తక్కువ పడుతుంది. అలవాటు పడేవరకు నడక మీరే చూసుకుని, ఈ వెతుకులాట ఆటను నాన్నగారికి అప్పగించండి.

ప్రశ్నించినవారి స్పందన

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈరోజు అయిదు ముప్పావుకే బయలుదేరాము. ఒక వేప చెట్టు దగ్గరే వాడు నాలుగు నిమిషాలు నిలబడ్డాడు, నేను తొందరపెట్టలేదు. ఒక సందేహం మిగిలింది. తిరిగి రాగానే వాడికి అన్నం పెట్టే అలవాటు మా ఇంట్లో ఉంది. అది సరైనదేనా?

జవాబు – విశ్రాంత పశువైద్యుడు, హనుమకొండ

రాగానే కొద్దికొద్దిగా నీళ్లు ఇవ్వండి. రొప్పు పూర్తిగా తగ్గి అరగంట గడిచాక తిండి పెట్టండి. తిన్న తరువాత కనీసం గంటన్నర వరకు పరుగులు, గెంతులు ఉండకూడదు. ఇలాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీయగలదు. ఇక చెట్ల మొదళ్లలో, గడ్డిలో వాసన చూసి వస్తాడు కనుక, రోజూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో చూడండి.